ఆయనకు తెలియకుండా ఈ లేబుళ్లన్నీ తీసేయొచ్చా?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాను.

ఆమె భర్తకు చిన్నప్పటి నుంచీ పాత వస్తువులు పోగుచేసే సరదా. గ్రామఫోన్ రికార్డులు, కామిక్ పుస్తకాలు, రేకు బొమ్మలు, అరచేతిలో ఇమిడే డై కాస్ట్ కార్లు, కొన్ని నాణేలు. నాలుగేళ్ల కిందట ఇల్లు మారేటప్పుడు ఏదీ పోకూడదని ఈమే కూర్చుని ఒక్కో వస్తువుకూ నెంబరు లేబుల్ అంటించారు. నాణేలకు మాత్రం వాటి కవర్ల మీద అంటించారు. ఆ నెంబర్లన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించారు. సామాన్లు చేరాక లెక్క చూస్తే ఒక్కటి కూడా తగ్గలేదు. పెట్టెలు మాత్రం ఈ మధ్యే తీరిగ్గా విప్పారు. ఆయన ఒక కామిక్ మీది లేబుల్ పట్టి లాగితే, దాంతోపాటే అట్ట మీద బొమ్మ ముఖం పొరగా లేచి వచ్చేసింది. ఆయన ఒక్క మాట అనలేదు. అన్నీ మళ్లీ పెట్టెల్లో సర్ది అలమరలో పెట్టేశారు. "నాలుగు తిట్టినా బాగుండేది" అని రాశారామె.

ఇక్కడితో అయిపోలేదు. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడితే క్షణాల్లో పోతుందని మరిది చెప్పాడట. ఆయన ఆఫీసుకు వెళ్లిన సమయంలో ఒక చిన్న కారు మీద ఆమె ప్రయత్నించారు. జిగురు పోయింది. దాంతోపాటు తలుపు మీద ఉన్న పసుపు గీత, పందెం నెంబరు కూడా పోయాయి, పక్కనున్న కిటికీ ప్లాస్టిక్ తెల్లగా మసకబారింది. ఆ కారు ఇప్పుడు బీరువాలో చీరల కింద ఉంది. రెండు నెలల్లో ఆయన రిటైర్ అవుతారు. ఈలోగా ఆయనకు తెలియకుండా అన్నీ శుభ్రం చేసి, ఆ రోజు అలమర తెరిచి చూపించాలని ఆమె కోరిక. కూతురు హెయిర్ డ్రయ్యర్ మంచిదంటోంది. ఒక రికార్డు కవరు మీద ఎప్పటిదో షాపువాళ్ల ధర స్టిక్కర్ కూడా ఉందట, ఎలాగూ మొదలుపెడుతున్నాను కదా, అదీ తీసేద్దామా అని అడిగారు. చివర్లో, "కారు సంగతి చెప్పాలా? చెప్పకపోతే ఏమవుతుంది?"

మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. జిగురు ఎలా పోతుంది అన్నది ఒకటి, ఆయన ఎలా మామూలుగా అవుతారు అన్నది రెండోది. మొదటిది తేలిపోతే రెండోది దానంతటదే తేలుతుందని మీ నమ్మకం. నాకు అలా అనిపించడం లేదు.

లేబుళ్లు వస్తువుల మీదే అంటించడం పొరపాటే, కవరుకో డబ్బాకో అంటించాల్సింది. కానీ ఇల్లు మారే హడావుడిలో అంత సేకరణ ఒక్కటి కూడా తగ్గకుండా చేరిందంటే అది మీ నోటుబుక్కు చలవే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నోరు మెదపకపోవడానికి కారణం బహుశా అదే. తిడదామంటే మీరు చేసింది ఆయన కోసం, ఊరుకుందామంటే అట్ట చిరిగింది. అలా ఎటూ పాలుపోనప్పుడు చాలామంది చేసే పనే ఆయనా చేశారు, కంటికి కనబడకుండా లోపల పెట్టేశారు. మీ మీద కోపంగా దాన్ని చదవకండి.

రహస్యంగా చేయాలన్న ఆలోచన గురించి. పని సగం సగం జరిగితే ఆయనకు తెలిసిపోతుంది, పూర్తిగా జరిగితే ఇంకా బాగా తెలుస్తుంది. కాగితం మీది పాత జిగురు తీయడం మ్యూజియంలలో అదే పనిగా చేసేవాళ్లకు కూడా ఓపిక పరీక్షే. మీరు ఎంత జాగ్రత్తపడినా కొన్నిచోట్ల మరక మిగులుతుంది, ఒకటి రెండు చోట్ల రంగు లేస్తుంది. ఎనభై వస్తువులు బాగుపడి రెండు పాడైతే ఆయన కళ్లు తిన్నగా ఆ రెండింటి మీదకే వెళతాయి. పోగుచేసేవాళ్ల చూపు అలాంటిది, వాళ్లను అని లాభం లేదు. ఇంకో చిక్కు ఉంది. ఒక్కో వస్తువు మీద ఏది ఉండాలి, ఏది పోవాలి, ఎంత రిస్కు తీసుకోవచ్చు అన్నది ఆయన తేల్చుకోవాల్సిన విషయం. మీకు ఒకేలా కనిపించే రెండు కామిక్స్‌లో ఒకటి ఆయనకు ప్రాణం, ఇంకోటి ఊరికే ఉన్నది కావచ్చు. ప్రయోగం ఎప్పుడూ రెండోదాని మీద మొదలుపెట్టాలి. అది ఏదో మీకు తెలియదు.

రిటైర్మెంట్ రోజున ఆయన ముఖంలో ఆశ్చర్యం చూడాలన్న కోరికను వదులుకోవడం కష్టమే. వదులుకోమనే నా సలహా. వద్దు, రహస్యంగానే చేస్తానంటే, కనీసం గాజు, రేకు, నున్నటి ప్లాస్టిక్ డబ్బాలు వీటివరకే పరిమితం కండి. కాగితం జోలికి పోకండి.

అసలు లేబుల్ ఎందుకు అంతలా పట్టేసిందో తెలిస్తే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి. స్టిక్కర్ వెనక ఉండే జిగురు మామూలు గమ్ములా ఆరి గట్టిపడేది కాదు. అది ఎప్పటికీ ఆరని చిక్కటి ద్రవం లాంటిది. అందుకే నొక్కగానే అంటుతుంది, అందుకే ఏళ్లు గడిచేకొద్దీ కాగితం పోగుల్లోకి మెల్లగా పాకుతుంది. ఈ తరహా లేబుళ్లను 1935లో స్టాంటన్ ఏవరీ అనే అమెరికన్ తయారుచేశాడు. అంతకుముందు లేబుళ్లకు వెనక ఎండిన గమ్ము ఉండేది, తడి చేసి అంటించేవాళ్లు. ఇలాంటి చాలా పాత లేబుల్ ఏదైనా ఉంటే దాని పద్ధతి వేరు, అది నీటి తడికి వదులుతుంది. మీరు అంటించినవి నీటికి లొంగేవి కావు. నీళ్లు తగిలితే కాగితం ఉబ్బుతుందే తప్ప జిగురు కదలదు.

ఈ ఆరని జిగురుల్లో ముఖ్యంగా రెండు రకాలు. రబ్బరుతో చేసినవి గాలి తగిలి కొన్నేళ్లకు మెత్తబడి, జిడ్డుగా మారి, కాగితంలోకి నూనె మరకలా దిగుతాయి. ఇంకా ఆగితే పసుపు రంగుకు తిరిగి, గట్టిపడి పెచ్చులుగా మారతాయి. ఆ దశకు వస్తే లేబుల్ దానంతటదే రాలిపోతుంది కానీ మరక ఉండిపోతుంది, ఏ ద్రావకానికీ సరిగా కరగదు. యాక్రిలిక్‌తో చేసినవి అంత త్వరగా పాడుకావు, రంగు మారవు, కానీ అంటిన చోట పట్టు పెంచుకుంటూ పోతాయి. మీవి ఏ రకమో చూడకుండా చెప్పలేను. ఒక లేబుల్ అంచు దగ్గర జిగురు బయటికి కారినట్టు ఉండి, వేలికి జిడ్డుగా తగిలితే రబ్బరు రకం అనుకోండి. అలా ఉన్న కాగితం వస్తువుల విషయంలో ఏళ్ల తరబడి వాయిదా వేయడం మంచిది కాదు. రెండు నెలలకు ముంచుకొచ్చేదీ లేదు. రేకు, గాజు, లోహం మీద ఉన్నవైతే ఎన్నాళ్లున్నా పెద్దగా నష్టం లేదు.

నెయిల్ పాలిష్ రిమూవర్ ఆ కారును ఏం చేసిందో ఇప్పుడు చెబుతాను. అందులో చాలావాటిలో ఉండేది అసిటోన్. అది జిగురునే కాదు, చాలా రకాల పెయింటునూ, పాలిస్టైరీన్, ఏబీఎస్ లాంటి ప్లాస్టిక్కులనూ కరిగిస్తుంది. చిన్న కార్ల మీద గీతలు, నెంబర్లు పల్చటి సిరాతో అచ్చు వేసినవి, వాటికి అసిటోన్ తగిలితే ఒక్క తుడుపుతో సరి. కిటికీ మసకబారింది కూడా ప్లాస్టిక్ పైపొర కరగడం వల్లే. అది మళ్లీ తేటపడదు. రిమూవర్‌లో పరిమళం, నూనె, రంగు కూడా కలుపుతారు కాబట్టి లోహం మీద కూడా పొర వదులుతుంది. మీ మరిది చెప్పింది గాజు సీసా విషయంలో నిజమే. ఈ ఇంట్లో ఆ రిమూవర్ సీసాను డ్రెస్సింగ్ టేబుల్ దాటి రానివ్వకండి.

మిగతా కార్లకు మెల్లటి పద్ధతి చాలు. లోహపు బాడీ మీద కాగితం లేబుల్ ఉంటే పైపొర వచ్చినంత తీసేసి, మిగిలిన జిగురు మీద దూదితో ఒక చుక్క వంటనూనె గానీ, బేబీ ఆయిల్ గానీ అద్ది అరగంట వదిలేయండి. నూనె జిగురులోకి ఇంకి దాని పట్టు సడలిస్తుంది. తర్వాత మెత్తటి గుడ్డతో ఒకే దిక్కుగా తుడవండి, రుద్దకండి. రెండు మూడు విడతలు పట్టవచ్చు. చివర్లో సబ్బు నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో జిడ్డు తీసి వెంటనే ఆరబెట్టండి. రబ్బరు టైర్లకు నూనె తగలనివ్వకండి, ఉబ్బుతాయి. లేబుల్ అచ్చు గీతల మీద పడి ఉంటే నూనె కూడా ముందు కారు అడుగున ఏదైనా అచ్చు అక్షరం మీద పరీక్షించాకే. కారు ఇంకా దాని అట్ట ప్యాకింగులోనే ఉండి, లేబుల్ ఆ అట్ట మీద ఉంటే ఇదేదీ పనికిరాదు. దాన్ని కాగితం కింద లెక్కేయండి.

రేకు బొమ్మలు కూడా ఇంచుమించు ఇలాగే, కాకపోతే రంగు లేచిన చోట్ల తుప్పు ఉంటుంది, అక్కడ తడి నిలవకూడదు. పాత రేకు మీది వార్నిష్ కొన్నిసార్లు స్పిరిట్‌కు మసకబారుతుంది కాబట్టి నూనెతో పనైతే స్పిరిట్ దాకా వెళ్లకండి. గోరుతో గీకడం, బ్లేడు పెట్టడం ఎటూ వద్దు. పాత ఏటీఎం కార్డు అంచు చాలు.

బజార్లో దొరికే నారింజ వాసన వచ్చే ద్రవాల గురించి కూడా చాలామంది చెబుతారు. వాటిలో పనిచేసేది నారింజ తొక్కల నుంచి తీసే లిమోనిన్ అనే నూనె. జిగురును బాగా కరిగిస్తుంది, పాలిస్టైరీన్‌ను కూడా అంతే బాగా కరిగిస్తుంది. కాగితం మీద జిడ్డు మరక ఖాయం. తుప్పు వదిలించే స్ప్రేలదీ అదే కథ, లోహానికీ గాజుకూ సరే, ఇంకెక్కడా వద్దు.

నాణేల కవర్ల మీద అంటించానన్నారు, బతికించారు. వాటిని ముట్టుకోనే అక్కర్లేదు. ఆ కవర్లు మెత్తగా, ప్లాస్టిక్ వాసన వస్తూ ఉంటే మాత్రం అవి పీవీసీవి కావచ్చు. కాలక్రమంలో అవి నాణేలకు పచ్చటి జిడ్డు పట్టిస్తాయి, ఆయనతో చెప్పి మార్పించండి.

రికార్డుల దగ్గర ఒక ప్రమాదం ఉంది, అది గట్టిగా చెప్పాలి. లేబుల్ కవరు మీద అంటించారా, రికార్డు మీదే అంటించారా అన్నది మీరు రాయలేదు. రికార్డు మీదైతే, అది ఎలాంటి రికార్డో చూడకుండా చుక్క ద్రవం కూడా వేయకండి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు దాదాపు అన్నీ లక్కతో చేసినవి. బరువుగా, గట్టిగా ఉంటాయి, కింద పడితే పలకలా పగులుతాయి. లక్కను స్పిరిట్‌లో కరిగించే చెక్క సామానుకు పాలిష్ పెడతారు కదా, ఆ స్పిరిటే వీటి మీద పోస్తే పాట చెరిగిపోతుంది. కొంచెం వంగే పల్చటి ఎల్‌పీలు వినైల్ అనే ప్లాస్టిక్‌వి, 1948 నుంచి వచ్చినవి. వీటికి స్పిరిట్ అంత హాని చేయదు కానీ వేడి చేస్తుంది. హెయిర్ డ్రయ్యర్ గాలి తగిలితే పళ్లెంలా వంకర తిరుగుతాయి. ఏ రకమైనా, మధ్యలో ఉన్న గుండ్రటి కాగితం మీద మీ లేబుల్ ఉంటే అది అలాగే ఉండనివ్వండి. రికార్డు పాడటానికి అది అడ్డం కాదు.

హెయిర్ డ్రయ్యర్ పూర్తిగా పనికిరాదని కాదు. జిగురు వేడికి మెత్తబడేది నిజం. నున్నటి లామినేషన్ ఉన్న అట్ట మీద, గాజు మీద, లోహం మీద తక్కువ వేడితో, దూరం నుంచి, అరనిమిషం చొప్పున ఇస్తే లేబుల్ సుఖంగా లేస్తుంది. మామూలు గరుకు కాగితం మీద అదే వేడి జిగురును పల్చన చేసి ఇంకా లోపలికి దింపుతుంది. మీ లేబుళ్లు ప్రింటర్‌లో తీసిన థర్మల్ కాగితమైతే వేడికి నల్లబడి నెంబరు కనబడకుండా పోతుంది. ముందు నోటుబుక్కులో సరిచూసుకోండి.

మిగిలినవి కామిక్స్, రికార్డు అట్టలు. అసలు కష్టం ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

ఆయన చేసింది ఏమిటంటే, లేబుల్ అంచు పట్టుకుని పైకి లాగారు. పైకి లాగితే ఆ బలమంతా కాగితం పైపొర మీద పడుతుంది. పొర లేస్తుంది. లేబుల్ మూలను కొద్దిగా లేపి, దాన్ని దాని మీదకే వెనక్కి మడిచి, అట్టకు ఆనించినట్టుగా, సమాంతరంగా లాగాలి. ఇంకో చేతి వేలు లేబుల్ ఊడుతున్న గీతకు ముందే కాగితాన్ని అదిమి పట్టుకుని ఉండాలి. గడియారం ముల్లులా, కదులుతోందా లేదా అన్నంత మెల్లగా. ఆ గీతను కన్నార్పకుండా చూస్తూ ఉండండి. సన్నటి తెల్లటి నూగు లేవడం కనిపించిందంటే పొర రావడం మొదలైంది. వెంటనే ఆగి, లేచిన భాగాన్ని వేలితో మళ్లీ అణచి, ఎదురు అంచు నుంచి మొదలుపెట్టండి. అటూ నూగు లేస్తే చేత్తో ఇక వద్దు.

అప్పుడు పనికొచ్చేది సిగరెట్ లైటర్‌లో పోసే ద్రవం. అది నాఫ్తా. పాత పుస్తకాలు, కామిక్స్ పోగుచేసేవాళ్లు ఎక్కువగా వాడేది ఇదే. నీటిలా కాగితాన్ని ఉబ్బించదు, నూనెలా ఉండిపోదు, రబ్బరు జిగురును కరిగిస్తుంది, నిమిషాల్లో ఆవిరైపోతుంది. కాగితం లేబుల్ అయితే దాని మీదే కొన్ని చుక్కలు వేస్తే లోపలికి ఇంకి జిగురును చేరుతుంది. ప్లాస్టిక్ లేబుల్ అయితే అంచు కిందికి దూది పుల్లతో అందించాలి. కొన్ని క్షణాలు ఆగి, పల్చటి ప్లాస్టిక్ ముక్క అంచు కిందికి జార్చి, వచ్చినంత లేపి, ఆరుతుంటే ఇంకో చుక్క. తడిసిన చోట అట్ట పారదర్శకంగా మారి వెనక పేజీ అక్షరాలు కనబడతాయి. చూడగానే గుండె జారుతుంది, కంగారుపడకండి, ఆరగానే మామూలు రంగుకు వస్తుంది. అంతా వచ్చాక మిగిలే బంకను క్రేప్ రబ్బరు (గరుకుగా ఉండే ముడి రబ్బరు) ముక్కతో మెల్లగా దొర్లిస్తే ఉండలు కట్టి లేస్తుంది. అది లేకపోతే, లేబుల్ ముక్కనే తిరగేసి జిగురు వైపు మిగిలిన బంక మీద అద్ది లేపండి, బంక బంకను పట్టుకుంటుంది. ఇంకా కాస్త అంటుతున్నట్టుంటే చిటికెడు టాల్కమ్ పౌడర్ అద్ది మెత్తటి బ్రష్‌తో దులిపేస్తే పక్క పుస్తకానికి అంటుకోదు.

అయితే ఇది కూడా అన్నిటికీ సరిపోదు. అచ్చు సిరాలు సాధారణంగా నాఫ్తాకు తట్టుకుంటాయి కానీ బాల్ పెన్ను రాతలు, రబ్బరు స్టాంపు ముద్రలు, మార్కర్ రంగులు కరిగి పాకవచ్చు. అట్ట మీద ఎవరి సంతకమైనా ఉంటే దాని దగ్గరికి పోకండి. ముందు లోపలి పేజీ మూలలో పరీక్షించాలి. ఒకే చోట ఎక్కువ పోస్తే కరిగిన జిగురు తడి అంచు వరకూ పాకి ఉంగరంలా మరక కట్టే ప్రమాదం కూడా ఉంది. యాక్రిలిక్ జిగురుకు ఇది అంత బాగా పనిచేయదు. ఇప్పటికే నూనెలా దిగిపోయిన మరకను ఇది వెనక్కి లాగలేదు. పైగా ఇది సులభంగా అంటుకునే ద్రవం. కిటికీలు తెరిచి, వంటగదికి దూరంగా, దీపం, అగరొత్తి ఏదీ వెలగని చోట, చేతులకు గ్లవ్స్ వేసుకుని చేయండి. తడిసిన దూదిని చెత్తబుట్టలో వేయకుండా ముందు బయట ఆరబెట్టండి.

చిరిగిన ఆ కామిక్ సంగతి మీరు ఇక పోయినట్టే రాశారు. అంత తొందర వద్దు. ఆయన లాగిన లేబుల్ ఇంకా ఉందా? ఉంటే దాని వెనక ఆ బొమ్మ ముఖం పొర చెక్కుచెదరకుండా ఉండి ఉంటుంది. అదే ఇప్పుడు ఆ పుస్తకంలో అన్నిటికంటే విలువైన ముక్క. దాన్ని మడవకుండా, స్టిక్కర్ల షీటుకు ఉండే నున్నటి అడుగు కాగితం మీద పెట్టి భద్రపరచండి. ఇంట్లో టేపుతోగానీ ఫెవికాల్‌తోగానీ అతికించే పని మాత్రం చేయకండి. పుస్తకాలు, కాగితాలు సంరక్షించే నిపుణులు లేబుల్ నుంచి ఆ పొరను విడదీసి, గోధుమ గంజితో మళ్లీ దాని చోట కూర్చోబెట్టగలరు. అతుకు కనబడుతుంది, బొమ్మకు ముఖం ఉంటుంది. అందుకయ్యే ఖర్చుకు ఆ కామిక్ తగునా అన్నది ఆయన ఇష్టం.

ధర స్టిక్కర్ గురించి అడిగారు. తీయకండి. అది మీరు అంటించింది కాదు. ఆ రికార్డు ఎక్కడ, ఎంతకు అమ్ముడయిందో చెప్పేది అదొక్కటే కావచ్చు. కొన్ని కవర్ల మీద కంపెనీయే అంటించిన ప్రచార స్టిక్కర్లు ఉంటాయి, అవి ఉంటే విలువ పెరుగుతుంది కూడా. పాత లైబ్రరీ చీటీలు, ముందటి యజమాని పేరు చీటీ, ఇవన్నీ అంతే. ఇంకోటి, ఏళ్లపాటు వెలుతురు తగిలిన అట్ట మీద స్టిక్కర్ తీస్తే దాని కింద రంగు వెలవని పలక బయటపడుతుంది. అంటే స్టిక్కర్ పోయినా దాని ఆకారం అక్కడే ఉంటుంది. మీ లేబుళ్లు నాలుగేళ్లూ పెట్టెల్లోనే చీకట్లో ఉన్నాయి కాబట్టి వాటి విషయంలో ఆ బాధ లేదు.

ఇక కారు. చెప్పకపోతే ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఆ కారుకు మీరు నెంబరు వేశారు. నోటుబుక్కులో ఆ నెంబరు ఉంది, అలమరలో కారు లేదు. మీ లెక్క అంత పక్కాగా ఉంది కాబట్టే ఈ ఇంట్లో ఏదీ దాగదు. అలాంటిదే ఇంకో కారు కొని ఆ చోట పెట్టడం ఇంకా ప్రమాదం. చక్రాల తీరు, అడుగున అచ్చు, రంగు ఛాయ, ఏదో ఒకటి తేడా వస్తుంది, ఆయన పట్టేస్తారు. రంగు వేయించి తిరిగి పెట్టినా అంతే. పోయిన గీత కంటే తిరిగి వేసిన గీతనే పోగుచేసేవాళ్లు ఎక్కువ తప్పుబడతారు. ఆయన ఎప్పుడైనా ఆ కారు ఎవరికైనా అమ్మినా ఇచ్చినా, మార్పు జరిగిందని చెప్పకపోతే మాట ఆయన మీదకు వస్తుంది.

ఇప్పుడే చెబితే ఒక సాయంత్రం పాడవుతుంది. కలిసి శుభ్రం చేయడం మొదలుపెట్టాక, ఆయన కాస్త నవ్వు ముఖం పెట్టాక చెబుదామనుకుంటే, నన్ను మెత్తబరచడానికే ఇదంతా చేసిందా అని ఆయనకు అనిపించే వీలుంది. నేనైతే మొదటిదే ఎంచుకుంటాను. వివరణలు, మరిది పేరు, ఇంటర్నెట్‌లో చదివింది, ఇవేవీ కలపకుండా కారు చేతికిచ్చి, "లేబుల్ తీయబోయి దీన్ని పాడుచేశాను. మిగతావి ముట్టుకోలేదు. వాటిలో ఏవి తీయాలో మీరు చెప్పండి, తీసే పని ఇద్దరం చేద్దాం" అనండి. అంతే. ఆయన మళ్లీ మౌనంగా ఉండిపోవచ్చు. ఉండనివ్వండి. రెండు రోజులాగి నోటుబుక్కు తెచ్చి ఆయన ముందు పెట్టండి. మీ నెంబర్ల పక్కన ఆయన చేత్తో మూడు రకాల గుర్తులు పెట్టమనండి: తీయాల్సినవి, ఉంచాల్సినవి, నిపుణులకే ఇవ్వాల్సినవి.

ఆయన దేన్నీ ముట్టుకోవద్దు, లేబుళ్లతోనే ఉండనీ అంటే అది ఓటమి కాదు, అదీ ఒక పద్ధతే. అప్పుడు చేయాల్సింది ఒక్కటే. ఒక కామిక్ జిగురు ఇంకోదాని వెనక అట్టకు అంటకుండా ఒక్కోదాన్నీ విడివిడిగా పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లో పెట్టి, వేడి తగలని అరలో నిలబెట్టండి. వేడి తగిలితే జిగురు ఇంకా త్వరగా పాకుతుంది. కొత్త నెంబర్లు రాయాలంటే చిన్న చీటీ మీద పెన్సిల్‌తో రాసి ఆ కవర్లో వేయండి.

మొదలుపెట్టాక ఏదైనా ఒక వస్తువు దగ్గర చెయ్యి ఆగిపోతే మళ్లీ రాయండి. అది దేనితో చేసినదో, లేబుల్ కాగితమో ప్లాస్టిక్కో, అంచు దగ్గర జిడ్డుగా ఉందో లేదో రాయండి. ఫొటో పంపేటట్టయితే ఫ్లాష్ వాడకుండా, టార్చి వెలుతురు పక్క నుంచి పడేలా తీయండి. జిగురు ఎంతవరకు పాకిందో, కాగితం ఎక్కడ లేచిందో అలా తీస్తేనే కనబడుతుంది.